ఓజోన్ వదిలే ఒక్క పరమాణువు

ఆ మధ్య సంక్రాంతి సెలవులకు మా అక్క కూతురు హాస్టల్ నుంచి వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. తెల్లారకముందే, వాకిట్లో అక్క ముగ్గు వేస్తున్న వేళకే లేచి, అరుగు మీద అటూ ఇటూ నడుస్తూ వల్లె వేస్తోంది. "లెడ్ సల్ఫైడ్ లెడ్ సల్ఫేట్ అవుతుంది, నలుపు పోయి తెలుపు వస్తుంది. పొటాషియం అయొడైడ్ నుంచి అయొడిన్ వస్తుంది. వెండి సిల్వర్ ఆక్సైడ్ అవుతుంది. పాదరసం..." పాదరసం దగ్గర ఆగిపోయింది. మళ్లీ లెడ్ సల్ఫైడ్ నుంచి ఎత్తుకుంది.

"ఓజోనా అమ్మా?" అన్నాను.

"అవును మామయ్యా. నాలుగు చర్యలూ రాస్తేనే పూర్తి మార్కులు. మూడు వస్తాయి, నాలుగోది జారిపోతుంది. నాలుగోదాన్ని పట్టుకుంటే తెల్లారేసరికి మొదటిది పోతుంది."

నాలుగు సమీకరణాలూ తుల్యం చేసి కాగితం మీద రాయమన్నాను. పుస్తకం చూసే రాసింది. కుడివైపు ఏముందో చూడమన్నాను. నాలుగింట్లోనూ ఆక్సిజన్ వాయువు ఉంది. ఎన్ని ఓజోన్ అణువులు లోపలికి వెళ్లాయో, ఎన్ని ఆక్సిజన్ అణువులు బయటికి వచ్చాయో లెక్కపెట్టమన్నాను. ఒకటి వెళ్తే ఒకటి వచ్చింది, నాలుగు వెళ్తే నాలుగు వచ్చాయి.

అంటే ఓజోన్ చేసే పని ఒక్కటే. తన మూడు పరమాణువుల్లో ఒకదాన్ని ఎదుటివారి చేతిలో పెట్టి, మిగిలిన రెంటితో మామూలు ఆక్సిజన్‌గా వెళ్లిపోతుంది. లెడ్ సల్ఫైడ్ సల్ఫేట్ కావాలంటే నాలుగు ఆక్సిజన్లు కావాలి, కాబట్టి నాలుగు ఓజోన్లు పడతాయి. సిల్వర్ ఆక్సైడ్‌లో రెండు వెండి పరమాణువులకు ఒక ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి ఒక ఓజోన్ చాలు. పాదరసానికీ అదే లెక్క. అయొడైడ్ దగ్గర ఆ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు లాక్కుని, నీటితో కలిసి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో చేరిపోతుంది.

పిల్ల కాసేపు కాగితం వైపు చూసి, "అయితే మామయ్యా, ఓజోన్‌ను నైట్రైట్ మీదికి పంపితే నైట్రేట్ కావాలి కదా?" అంది. కావాలి, అవుతుంది. పుస్తకంలో ఆ పేజీలో లేని చర్యను తానే రాసుకుంది. అంతకుముందు అరగంట వల్లెవేసినా నిలవని నాలుగు చర్యలు ఇప్పుడు అయిదయ్యాయి, వాటిని మోయడానికి కావలసిన జ్ఞాపకం మాత్రం ఒక్క వాక్యానికి తగ్గింది.

భౌతిక రసాయనానికి లెక్కలు రావాలి, కర్బన రసాయనానికి చర్యావిధానం తెలియాలి, అకర్బనానికి మాత్రం బట్టీ తప్ప దారి లేదని మన కాలేజీల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఈ అధ్యాయం ఆ నమ్మకానికి ఎదురు చెప్పడానికే రాస్తున్నాను. అకర్బన రసాయనంలో బట్టీ పట్టక తప్పనివి ఉన్నాయి. అవి కుర్రవాళ్లు భయపడేటన్ని లేవు. మిగిలినదంతా నాలుగైదు తీగలకు అల్లుకున్న డొంక. ఏ తీగ లాగితే ఏది కదులుతుందో తెలిస్తే చదువు సగానికి సగం తేలికవుతుంది.

సిలబస్ పూర్తికాని మాస్టారు

ఆవర్తన పట్టికను గోడకు తగిలించుకుంటాం గానీ, అది ఎందుకు పుట్టిందో అంతగా చెప్పుకోం. 1867లో మెండలీవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు. విద్యార్థుల చేతికి ఇవ్వదగ్గ పాఠ్యపుస్తకం కనిపించక తానే రాయడానికి కూర్చున్నాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. మొదటి సంపుటం ముగిసేసరికి వాటిలో కొద్దింటి కథే అయింది. మిగిలిన యాభై పైచిలుకు మూలకాలను రెండో సంపుటంలో ఎలా సర్దాలి? ఒక్కొక్కదాన్నీ విడిగా చెప్పుకుంటూ పోతే పుస్తకానికి అంతుండదు, చదివేవాడికి తల నిలవదు. వాటిని కుదురుగా అమర్చే క్రమం కోసం వెతికిన వెతుకులాటలో 1869లో పట్టిక బయటపడింది.

అంటే ఆ పట్టిక పుట్టిందే అకర్బన రసాయనాన్ని సులువుగా బోధించడానికి. పి-బ్లాక్ ముందు కూర్చుని బెంబేలెత్తే పిల్లవాడి ఇబ్బందీ, ఆనాటి మెండలీవ్ ఇబ్బందీ ఒకటే.

పట్టికలో ఆయన ఖాళీలు వదిలాడు. అల్యూమినియం కింది ఖాళీకి ఏక-అల్యూమినియం అని పేరు పెట్టాడు. ఆ ఏక మన సంస్కృతపు ఏకమే. 1875లో ఫ్రాన్స్‌లో ల్కోక్ ద బ్వాబోద్రాన్ ఆ మూలకాన్ని కనిపెట్టి గాలియం అని పేరు పెట్టాడు. సాంద్రత 4.7 అని తేల్చాడు. మూలకాన్ని కళ్లతోనైనా చూడని మెండలీవ్, 5.9 దాకా ఉండాలి, నమూనా శుద్ధి చేసి మళ్లీ చూడమని కబురు పంపాడు. మళ్లీ చూస్తే 5.9 వచ్చింది. చుట్టుపక్కల ఇళ్లను బట్టి మధ్య ఇల్లు ఎలా ఉంటుందో చెప్పగలగడమే పట్టికను చదవడమంటే. పరీక్షలో గుర్తురాని మూలకం ఎదురైనప్పుడు చేయవలసిన పనీ ఇదే. పైనున్నదేది, కిందున్నదేది, పక్కనున్నదేది అని చూడాలి.

చిన్న ఇంట్లో పెద్ద సంసారం

ఇక పి-బ్లాక్‌కు వద్దాం. 15, 16, 17 గ్రూపులు విద్యార్థిని ఎక్కువగా ఏడిపించేవి. వాటిలో అడిగే ప్రశ్నల్లో సగం "ఎందుకు భిన్నంగా ఉంటుంది?" అనేవే. నైట్రోజన్ ఎందుకు వాయువు, ఫాస్ఫరస్ ఎందుకు ఘనం? నీరు ఎందుకు ద్రవం, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎందుకు వాయువు? ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ గ్రాహ్య ఎంథాల్పీ క్లోరిన్ కంటే ఎందుకు తక్కువ? గైడ్లలో వీటికి విడివిడి జవాబులు ఉంటాయి, పిల్లలు విడివిడిగానే బట్టీ పడతారు. నిజానికి ఇవన్నీ ఒకే ప్రశ్నకు రకరకాల రూపాలు. గ్రూపులో మొదటి సభ్యుడు ఎందుకు వేరు?

మొదటి సభ్యుడు బాగా చిన్నవాడు. నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ల బయటి ఎలక్ట్రాన్లన్నీ రెండో కర్పరంలోనే ఉండాలి. చిన్న ఇంట్లో పెద్ద సంసారం. ఆ కర్పరంలో డి-ఆర్బిటాళ్లు లేవు, అంటే ఇంటికి అదనపు గది లేదు. నైట్రోజన్ అయిదు బంధాలు ఏర్పరచలేదు, అందుకే ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ ఉంది గానీ నైట్రోజన్ పెంటాక్లోరైడ్ లేదు. చిన్న పరమాణువులు దగ్గర దగ్గరగా రాగలవు కాబట్టి పి-ఆర్బిటాళ్లు పక్కపక్కన బాగా అతిపాతం చెంది గట్టి బహుబంధాలు కడతాయి. రెండు నైట్రోజన్లు త్రిబంధంతో పెనవేసుకుని అక్కడితో తృప్తిపడతాయి. ఆ బంధాన్ని తెంచాలంటే మోల్‌కు సుమారు 941 కిలోజౌళ్లు కావాలి. ఫాస్ఫరస్ పెద్దది, అలా పెనవేసుకోలేదు. ఒక్కొక్క పరమాణువు మూడింటికి ఏకబంధాలతో చేతులు చాచి, నాలుగు కలిసి ఒక చతుర్ముఖిగా కూర్చుంటాయి. ఆక్సిజన్ జంటగా తిరగడానికీ, గంధకం ఎనిమిది పరమాణువుల వలయం కట్టడానికీ కారణం ఇదే.

అదే ఇరుకు ఇంకోచోట నష్టం చేస్తుంది. రెండు ఫ్లోరిన్లు ఏకబంధంతో కలిసినప్పుడు, ఒకదాని ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు రెండోదాని జంటలను దగ్గరనుంచి నెడతాయి. అందుకే ఫ్లోరిన్ బంధ విఘటన శక్తి 159 కిలోజౌళ్లే, క్లోరిన్‌ది 243. కొత్తగా వచ్చే ఎలక్ట్రాన్‌కూ ఆ ఇంట్లో ఉక్కిరిబిక్కిరే, కాబట్టి ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ గ్రాహ్య ఎంథాల్పీ మైనస్ 333, క్లోరిన్‌ది మైనస్ 349. పుస్తకంలో ఈ రెండూ వేర్వేరు అపవాదాలు, వేర్వేరు పేజీలు. కారణం మాత్రం ఒకే ఇరుకు.

ఇక్కడ శ్రద్ధగల విద్యార్థికి తప్పకుండా ఒక అనుమానం వస్తుంది, రావాలి కూడా. ఎలక్ట్రాన్‌ను పుచ్చుకోవడంలో క్లోరిన్ ముందుంటే, ఫ్లోరిన్ అంతకంటే బలమైన ఆక్సీకరణి ఎలా అయింది? దీనికి ఇంట్లో పద్దు రాసినట్టు జమాఖర్చు రాయాలి. వాయువు నుంచి నీటిలో అయాన్ దాకా దారిలో మూడు పద్దులున్నాయి. ముందు బంధం తెంచాలి, ఒక పరమాణువుకు సగం ఖర్చు. ఫ్లోరిన్‌కు సుమారు 79, క్లోరిన్‌కు 121. తర్వాత ఎలక్ట్రాన్ చేరినప్పుడు వచ్చేది 333, 349. చివరికి అయాన్ చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు వచ్చేది. ఫ్లోరైడ్ బుల్లి అయాన్, నీటిని గట్టిగా దగ్గరికి లాగుతుంది, 515 వస్తుంది. క్లోరైడ్‌కు 381 మాత్రమే. కూడి తీసివేస్తే ఫ్లోరిన్‌కు మిగులు సుమారు 769, క్లోరిన్‌కు 609. మధ్య పద్దులో వెనకబడినా, ముందు వెనక పద్దుల్లో ఫ్లోరిన్ గెలిచింది.

ఈ పద్దు ఒక్కసారి స్వయంగా రాసినవాడు జన్మలో మరిచిపోడు. అకర్బన రసాయనంలో ఏదైనా రెండు అంశాలు పరస్పరం విరుద్ధంగా కనిపిస్తే, పద్దులో ఒక గీత చూడటం మరిచామని అర్థం.

హైడ్రైడ్ల మరిగే స్థానాలకూ ఇదే చూపు. ఫాస్ఫీన్ మైనస్ 88 డిగ్రీల దగ్గర, ఆర్సీన్ మైనస్ 62 దగ్గర, స్టిబీన్ మైనస్ 17 దగ్గర మరుగుతాయి. అణువు బరువెక్కేకొద్దీ మరిగే స్థానం పెరగడం సహజమే. ఆ వరసను వెనక్కి పొడిగిస్తే అమ్మోనియా మైనస్ 100కు కిందెక్కడో ఉండాలి. ఉన్నది మైనస్ 33 దగ్గర. ఆ ఎత్తంతా హైడ్రోజన్ బంధాలది. నీటిలో అల్లిక ఇంకా చిక్కన, హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 దగ్గరే మరిగిపోతే నీరు 100 దాకా ఆగుతుంది. మూడు గ్రూపుల మరిగే స్థానాల క్రమాలను మూడు పట్టీలుగా వల్లెవేయకుండా ఒకే గ్రాఫ్ కాగితం మీద గీయమంటాను. మొదటి బిందువు ఎత్తున, రెండోది లోతున, అక్కడి నుంచి ఎక్కుడు. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. నీరు, హైడ్రోజన్ ఫ్లోరైడ్ తమ గ్రూపుల్లో అన్నిటికంటే పైన ఉంటాయి, అమ్మోనియాను మాత్రం స్టిబీన్ దాటిపోతుంది. అమ్మోనియాకు ఉన్నది ఒకే ఒంటరి జంట, అల్లిక అంత దట్టంగా పడదు.

ఫాస్ఫరస్ ఆక్సీ ఆమ్లాల క్షారత గురించి రెండు మార్కుల ప్రశ్న తరచూ పడుతుంది. ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లానికి మూడు, ఫాస్ఫరస్ ఆమ్లానికి రెండు, హైపోఫాస్ఫరస్ ఆమ్లానికి ఒకటి. ఈ మూడు ఆమ్లాల్లోనూ హైడ్రోజన్లు మూడే, క్షారత మాత్రం వేరు. బొమ్మ గీస్తే సంగతి తేలిపోతుంది. మధ్యలో ఫాస్ఫరస్, పైన ద్విబంధంతో ఒక ఆక్సిజన్, ఇంకా మూడు చేతులు మిగిలాయి. ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లంలో మూడు చేతుల్లోనూ ఆక్సిజన్‌తో కూడిన హైడ్రోజన్లు. తర్వాతి దానిలో ఒక ఆక్సిజన్ తగ్గింది కాబట్టి ఒక చేతిలో నేరుగా హైడ్రోజన్. ఆ తర్వాతి దానిలో రెండు చేతుల్లో. ఆక్సిజన్‌ను పట్టుకున్న హైడ్రోజనే ప్రోటాన్‌గా ఊడుతుంది. ఫాస్ఫరస్‌ను నేరుగా పట్టుకున్నది ఊడదు, కానీ అది క్షయకరణం చేస్తుంది. సిల్వర్ నైట్రేట్ నుంచి వెండిని బయటికి తెచ్చేది అదే. ఒక్క బొమ్మ నుంచి క్షారతా వచ్చింది, క్షయకరణ స్వభావమూ వచ్చింది.

క్లోరిన్, సోడియం హైడ్రాక్సైడ్ సంగతి కొద్దిగా చెప్పి ముందుకు పోతాను. చల్లని, విలీన క్షారంలో క్లోరైడ్, హైపోక్లోరైట్ వస్తాయి. వేడి, గాఢ క్షారంలో క్లోరైడ్, క్లోరేట్ వస్తాయి. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోవలసినవే. గుణకాలను గుర్తుంచుకోనక్కర్లేదు. క్లోరేట్‌లో క్లోరిన్ అయిదు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంది, అవి పుచ్చుకోవడానికి అయిదు క్లోరైడ్లు కావాలి. అయిదూ ఒకటీ ఆరు పరమాణువులు, అంటే మూడు క్లోరిన్ అణువులు. మిగతాది వాటంతట అదే తుల్యమవుతుంది.

రెండు సంఖ్యల మధ్య ఒక ఆవిష్కరణ

ఉత్కృష్ట వాయువుల పాఠం చిన్నది. అయినా అక్కడ కాసేపు ఆగాలని నా కోరిక. 1962లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో పనిచేస్తున్నాడు. అది ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేసిందని ఆయనకు తేలింది. ఆక్సిజన్ అణువు అయనీకరణ ఎంథాల్పీ సుమారు 1175 కిలోజౌళ్లు. జినాన్‌ది సుమారు 1170. ఆక్సిజన్ నుంచి లాగగలిగింది జినాన్ నుంచి ఎందుకు లాగలేదు? ఎర్రని ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆవిరినీ, రంగులేని జినాన్‌నూ కలిపాడు. పసుపు, నారింజ కలిసిన ఛాయలో ఒక ఘనపదార్థం ఏర్పడింది. జడవాయువులు దేనితోనూ కలవవని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఆ రోజుతో ఆ మాట పోయింది.

ఆ రెండు సంఖ్యలూ రసాయనశాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో తెలుసు. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటమే కొత్త. పాఠం చదివేటప్పుడు పిల్లలు ఒక పేజీని ఇంకో పేజీ పక్కన పెట్టరు, అదే నా బాధ. జినాన్ ఫ్లోరైడ్ల ఆకృతులు పది మార్లు గీసినవాళ్లు కూడా వాటిని అమ్మోనియా ఆకృతితో పోల్చరు. జినాన్ బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు. రెండు ఫ్లోరిన్లకు రెండు పోతే మిగిలినవి మూడు ఒంటరి జంటలు, అణువు రేఖీయం. నాలుగు ఫ్లోరిన్లకు నాలుగు పోతే రెండు జంటలు ఎదురెదురుగా కూర్చుంటాయి, సమతల చతురస్రం. ఆరు పోతే మిగిలిన ఒక్క జంట అష్టముఖిని వికృతం చేస్తుంది. అమ్మోనియాలో 107 డిగ్రీల కోణాన్ని తెచ్చిన లెక్క కూడా ఇదే.

బట్టీ పట్టవలసినవి, పట్టే పద్ధతి

ఇప్పుడు రెండో వైపు. తర్కంతో రాబట్టలేనివి ఏవి?

హేబర్ పద్ధతి తీసుకోండి. నైట్రోజన్ ఒకటి, హైడ్రోజన్ మూడు, మొత్తం నాలుగు అణువులు కలిసి రెండు అమ్మోనియా అణువులవుతాయి. కాబట్టి పీడనం పెంచితే లాభం. చర్యలో 92 కిలోజౌళ్ల వేడి బయటికి వస్తుంది, కాబట్టి చల్లగా ఉంటే దిగుబడి ఎక్కువ. కానీ చల్లగా ఉంటే ఆ 941 కిలోజౌళ్ల త్రిబంధం కదలదు. అందుకే 700 కెల్విన్ అనే రాజీ, 200 అట్మాస్ఫియర్ల పీడనం. ఇంతవరకు తర్కం నడిపించింది. ఉత్ప్రేరకం ఇనుమనీ, దానికి పొటాషియం ఆక్సైడ్, అల్యూమినా చేర్చాలనీ తర్కంతో చెప్పగలమా? చెప్పలేం. హేబర్ 1909లో ప్రయోగశాలలో అమ్మోనియా తయారుచేసి చూపించాక, జర్మనీలో మిటాష్ బృందం వేలాది నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి ఆ ఇనుమును పట్టుకుంది. ఓప్పౌలో కర్మాగారం 1913లో నడిచింది. కనుక్కున్నవాళ్లకే వెతకక తప్పని విషయాన్ని విద్యార్థి బట్టీ పట్టడంలో చిన్నతనం లేదు. ఈ రోజు రామగుండంలో యూరియా తయారయ్యేదీ ఇలా చేసిన అమ్మోనియా నుంచే.

సల్ఫ్యూరిక్ ఆమ్లపు స్పర్శా విధానంలోనూ అంతే. మూడు అణువులు రెండవుతాయి, వేడి వస్తుంది, 720 కెల్విన్ దగ్గర రాజీ. వెనేడియం పెంటాక్సైడ్‌ను మాత్రం గుర్తుంచుకోవాలి. సల్ఫర్ ట్రయాక్సైడ్‌ను నేరుగా నీటిలోకి పంపితే ఆమ్లపు పొగమంచు లేస్తుంది, దాన్ని పట్టలేం. అందుకే గాఢ ఆమ్లంలో కరిగించి ఓలియం చేసి, తర్వాత నీరు కలుపుతారు. ఇది బట్టీ కాదు, కర్మాగారంలో నిలబడి చూస్తున్నట్టు ఊహించుకుంటే చాలు.

కాబట్టి బట్టీ జాబితాలో చేరేవి ఉత్ప్రేరకాలు, ముడిఖనిజాల పేర్లు, అవక్షేపాల రంగులు, కొన్ని సంఖ్యలు. మొత్తం కలిపినా నాలుగైదు కాగితాలు మించవు. ఖనిజాల పేర్లకు ఊళ్లు తగిలించుకోవడం నాకు బాగా ఉపయోగపడింది. బెరైట్స్ అనగానే మంగంపేట గనులు. అది బేరియం సల్ఫేట్, నీటిలో కరగదు, సల్ఫేట్ పరీక్షలో గొట్టం అడుగున కూర్చునే తెల్లటి అవక్షేపమూ అదే. మాంగనీస్ అనగానే గరివిడి, చీపురుపల్లి. ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ భూగర్భజలం. ఆ నీటిని శుద్ధి చేసే నల్లగొండ పద్ధతిలో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. పటికలోని అల్యూమినియం అవక్షేపంగా దిగుతూ ఫ్లోరైడ్‌ను తనతో పట్టుకుపోతుంది. బ్లీచింగ్ పౌడర్ క్లోరిన్ పాఠంలోది. ఊరి చెరువుగట్టు మీద సగం పాఠం ఉంది.

ఆ జాబితాను ఎలా గుర్తుపెట్టుకోవాలన్న దానికి ఒక ప్రయోగం సూటిగా జవాబు చెప్పింది. 2006లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక విడత చదివి, మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివిన జట్టుకు 83 శాతం గుర్తుంది, రాసిన జట్టుకు 71. వారం తర్వాత ఇంకోసారి పరీక్షిస్తే చదివిన జట్టు 40కి పడిపోయింది, రాసిన జట్టు 61 దగ్గర నిలిచింది.

స్టడీ అవర్‌లో గట్టిగా చదువుతున్నప్పుడు అంతా వచ్చేసినట్టు అనిపించడానికీ, పరీక్ష హాల్లో చేయి ఆగిపోవడానికీ కారణం ఈ అంకెల్లో ఉంది. చదువుతున్నప్పటి ధీమా అయిదు నిమిషాల ధీమా. మా అక్క కూతురికి చెప్పింది ఇదే. పుస్తకం మూసెయ్యి. తెల్లకాగితం తీసుకో. మధ్యలో నైట్రోజన్ అని రాయి. అక్కడి నుంచి గీతలు గీసుకుంటూ తెలిసిందంతా రాయి. అమ్మోనియా, దానికి రెండు పక్కలా హేబర్, ఆస్వాల్డ్. ఆస్వాల్డ్ పద్ధతి చివర నైట్రిక్ ఆక్సైడ్ మళ్లీ పుడుతుంది, దాన్ని వెనక్కి పంపే బాణం గీయడం మరిచిపోకు. నైట్రిక్ ఆమ్లం, రాగి మీద విలీనంగా ఉంటే నైట్రిక్ ఆక్సైడ్, గాఢంగా ఉంటే నైట్రోజన్ డయాక్సైడ్. ఆగిపోయిన చోట పుస్తకం తెరువు. ఆ ఖాళీ ఒక్కటే నింపి మళ్లీ మూసెయ్యి. మూడు రోజుల తర్వాత ఇంకో తెల్లకాగితం. ఖాళీ చోటులో కాసేపు తల కొట్టుకోవడం వృథా కాదు. జ్ఞాపకం గట్టిపడేది ఆ కాసేపట్లోనే.

భీమిలి ఇసుకలో దాగిన మూలకం

డి-బ్లాక్, ఎఫ్-బ్లాక్‌లలో లాంథనైడ్ సంకోచం అనే మాట పిల్లలకు నిర్వచనంగా వస్తుంది, అనుభవంగా రాదు. భీమునిపట్నం తీరంలో నడిచినవాళ్లు ఇసుక మీద నల్లని చారలు చూసే ఉంటారు. ఆ బరువైన ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ ఉంటాయి. లాంథనైడ్లు ఉండేది మోనజైట్‌లో. జిర్కాన్‌లో జిర్కోనియం ఉంటుంది, దాని వెంట నీడలా హాఫ్నియం కూడా ఉంటుంది.

జిర్కోనియం పరమాణు సంఖ్య 40, హాఫ్నియం 72. మధ్యలో 32 ఎలక్ట్రాన్లు, ఒక కర్పరం ఎక్కువ. హాఫ్నియం బాగా పెద్దగా ఉండాలి. కొలిస్తే జిర్కోనియం వ్యాసార్థం 160 పికోమీటర్లు, హాఫ్నియం 159. మధ్యలో వచ్చిన 14 ఎఫ్-ఎలక్ట్రాన్లు కేంద్రకం లాగుడును సరిగ్గా అడ్డుకోలేకపోయాయి. ఒక్కొక్క అడుగులో కొద్దికొద్దిగా లోపలికి ముడుచుకుంటూ వచ్చి, ఒక కర్పరం వల్ల రావలసిన పెరుగుదలంతా కరిగిపోయింది. సైజు ఒకటే, ఆవేశం ఒకటే, కాబట్టి రసాయన ప్రవర్తనా ఒకటే. 1789లో జిర్కోనియం తెలిసినా, దాని పక్కనే ఉన్న హాఫ్నియం 1923 దాకా దొరకలేదు. కోపెన్‌హాగన్‌లో కోస్టర్, హెవెషీ ఎక్స్-కిరణాలతో పట్టుకున్నారు. ఇప్పటికీ ఈ రెంటినీ విడదీయడం తేలిక కాదు. అణు రియాక్టర్లలో వాడే జిర్కోనియంలో హాఫ్నియం ఉండకూడదు, అది న్యూట్రాన్లను మింగేస్తుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కాన్ ఇసుక నుంచి రియాక్టర్‌కు పనికొచ్చే జిర్కోనియం తీసేటప్పుడు చేసే ముఖ్యమైన పనుల్లో ఈ వేరుచేయడం ఒకటి.

సమన్వయ సమ్మేళనాల దగ్గర వెర్నర్ సిద్ధాంతాన్ని సూత్రాల పట్టీగా చదవొద్దు. 1893లో 26 ఏళ్ల వెర్నర్ ముందున్న చిక్కుముడితో మొదలుపెట్టండి. కోబాల్ట్ క్లోరైడ్, అమ్మోనియా కలిసిన సమ్మేళనాలున్నాయి. ఆరు అమ్మోనియాలున్న పసుపు పదార్థానికి సిల్వర్ నైట్రేట్ చేరిస్తే మూడు క్లోరైడ్లూ అవక్షేపమవుతాయి. అయిదు అమ్మోనియాలున్న ఊదా పదార్థంలో రెండే. నాలుగున్న ఆకుపచ్చ పదార్థంలో ఒక్కటే. దొరకని క్లోరైడ్లు ఎక్కడికి పోయాయి? ఒక అమ్మోనియా తగ్గినప్పుడల్లా ఒక క్లోరైడ్ దొరకకుండా పోతోంది. అంటే లోహం చుట్టూ ఆరు కుర్చీలు ఎప్పుడూ నిండి ఉండాలి, అమ్మోనియా లేచిన కుర్చీలో క్లోరైడ్ కూర్చుంటోంది. ప్రాథమిక, ద్వితీయ వేలన్సీలు అనే మాటలు ఈ ఆరు కుర్చీలు కనిపించాక వస్తే వాటిని ఎవరూ తారుమారు చేసుకోరు.

పరీక్షకు వారం ముందు పిల్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. పి-బ్లాక్ కాగితాలు మూడోసారి రాసిందట. ఖాళీలు తగ్గాయి, ఓజోన్ దగ్గర ఆగడం లేదు. "కానీ మామయ్యా, ఆ పాదరసం మళ్లీ పట్టుకుంది. లోహాలన్నీ గట్టిగా ఉంటే ఇదొక్కటి ఎందుకు ద్రవం? సిలబస్‌లో లేదని సార్ అన్నారు."

"నీకేమనిపిస్తోంది?"

కాస్త ఆగింది. "హాఫ్నియం తర్వాతే కదా పాదరసం వచ్చేది. ఎఫ్-ఎలక్ట్రాన్లు సరిగ్గా అడ్డుకోవు, కేంద్రకం గట్టిగా లాగుతుంది. థాలియం, లెడ్, బిస్మత్‌లకు జడజంట ప్రభావం అని చదివాం, ఆరో కర్పరంలోని ఎస్-జంట కదలదని. పాదరసానికి బయట ఉన్నదే ఆ జంట. అది పక్కవాళ్లతో పంచుకోకపోతే పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు కదా?"

నేను చెప్పవలసింది కొంచెమే మిగిలింది. 80 ధనావేశాలున్న కేంద్రకం దగ్గర లోపలి ఎలక్ట్రాన్లు కాంతివేగంలో సగానికి పైగా వేగంతో ఉంటాయనీ, ఆ వేగం వల్ల ఎస్-ఎలక్ట్రాన్లు ఇంకా లోపలికి ముడుచుకుంటాయనీ, ఐన్‌స్టీన్ సాపేక్షతను లెక్కలోకి తీసుకుంటేనే పాదరసం కరిగే స్థానం మైనస్ 39 దగ్గరికి వస్తుందని 2013లో గణనలతో చూపించారనీ చెప్పాను. "ఇది రాస్తే మార్కులు వేస్తారా?" అంది. అడగరమ్మా అన్నాను. "సరే, కాగితం మీద పాదరసం దగ్గర చిన్నగా రాసుకుంటాను" అని ఫోన్ పెట్టేసింది.